గొంతు విని కుట్టిన చొక్కా

మా పెద్దమ్మ చెవికి నచ్చడం కంటే పరీక్ష పాసవడం తేలిక. పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చుని, దారపు ఉండల డబ్బాకి ఫోను ఆనించి ఆడియో పుస్తకం పెడుతుంది. కళ్ళు సూది మీద, చెవులు కథ మీద. రోజుకి ఎనిమిది గంటలు. ఈ నాలుగేళ్ళలో విన్న గొంతులన్నిటికీ పేర్లు పెట్టేసింది. పాత్ర కంటే ముందే తాను ఏడ్చేసే ఆయన 'ముందేడుపు'. ప్రతి వాక్యంలో చివరి మాట మింగేసే ఆవిడ 'మింగుడమ్మ'. ఇంకొకావిణ్ణయితే "హత్య జరిగిందని చెబుతోందా, బస్సొస్తోందని చెబుతోందా?" అని పదో నిమిషంలో పంపించేసింది. ఆడవాళ్ళ మాటల్ని కీచుగొంతుతో చదివే మగవాళ్ళంటే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"నేనెప్పుడైనా అలా మాట్లాడానుటే?" అని మధ్యలో నన్ను నిలదీస్తుంది.

ఈ తీర్పులన్నీ యాప్‌లో టైపు చేసే గుమస్తాని నేను. చెల్లెలి కూతురిగా పుట్టాక ఆ మాత్రం వెట్టిచాకిరీ తప్పదు.

అలాంటి మనిషికి ఒక్క గొంతు నచ్చింది. ఓడరేవులో ఉండే ఒక కుటుంబం కథ, నలభై భాగాలు, వారానికి రెండు. చదివేది ఒక పెద్దాయన. పెద్దమ్మ ఆయనకి 'గొంతాయన' అని పేరు పెట్టింది. ఆవిడ పెట్టిన పేర్లలో వెక్కిరింత లేనిది అదొక్కటే.

"ఈయన చదువుతుంటే కుట్టు వంకరపోదే. కానీ ఆ చొక్కా సర్రు సర్రుమంటోంది. రాయి" అంది మొదటిరోజే.

అవతల బల్ల మీద గుడ్డ కత్తిరిస్తున్న పెదనాన్న తలెత్తాడు. "చొక్కా వినపడుతోందా? నీవి చెవులా, పాము చెవులా!"

నేనూ నవ్వాను. చొక్కా అని రాస్తే జనం కూడా నవ్వుతారని, నా తెలివంతా ఉపయోగించి "వెనక ఏదో సర్రుమని శబ్దం, చిరాగ్గా ఉంది" అని నాగరికంగా మార్చి పెట్టాను. ప్రతి భాగానికీ అదే. ఒకరు చెప్పాక మిగతావాళ్ళకీ వినపడడం మొదలైంది. ఇరవై మూడో భాగం కింద యాప్ వాళ్ళు ప్రకటన పెట్టారు: శ్రోతల ఫిర్యాదుల వల్ల త్వరలో కొత్త గొంతుతో కొనసాగిస్తాం. కొత్త గొంతు మచ్చుకి రెండు నిమిషాలు వినిపించారు. కీచు!

పెద్దమ్మ మిషన్ ఆపేసింది. "ఏం రాశావే నువ్వు?"

చెప్పాను. ఆ తర్వాత నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాయను, ఎంతైనా నాకూ పరువుంది.

చివరికి యాప్ ఆఫీసుకి ఫోను చేశాం. రికార్డింగ్ చూసే అమ్మాయి ఎత్తింది. "మైకు మార్చామండీ, ఫ్యాను ఆపాం, కుర్చీ కూడా మార్చాం. శబ్దం పోలేదు. శుక్రవారం ఇరవై నాలుగో భాగం ఉదయం సగం, సాయంత్రం సగం వస్తుంది. అది బాగుంటే ఉంచుతారు, లేకపోతే ఆయనకి అదే ఆఖరు."

పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "కుర్చీ కాదమ్మాయ్, చొక్కా! గంజి పెట్టిన చొక్కా వేసుకుంటాడా ఆయన?"

"అవునండీ. మెడ దాకా గుండీలు పెట్టుకుని వస్తారు. రికార్డింగుకని విడిగా దాచుకున్న చొక్కాట. ఎవరు చూస్తారండీ అంటే, 'వినేవాళ్ళున్నారు కదమ్మా' అంటారు."

పెద్దమ్మ ఫోను నాకిచ్చేసి చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకోసం మంచి చొక్కా వేసుకుని కూర్చుంటే, ఆ చొక్కా మీదే చాడీలు చెప్పానే! పాపిష్టిదాన్ని." నాకూ సిగ్గేసింది.

ఏడుపు రెండు నిమిషాలే. తర్వాత బీరువాలోంచి నాలుగు ఉతుకులు పడ్డ మెత్తటి నూలు గుడ్డ తీసి పెదనాన్న ముందు పడేసింది. "కత్తిరించండి."

"కొలతలేవే?"

"ఇరవై మూడు భాగాలు విన్నాను, ఇంకా కొలతలేమిటండీ! అంత పొడుగు వాక్యం ఒక్క గుక్కలో లాగుతున్నాడు, ఛాతీ నలభై రెండు. కాగితం మీదకి వంగినప్పుడు గొంతు నలుగుతోంది, బొజ్జ ఉంది, కింద వదులు పెట్టండి. మెడ పదిహేనున్నర."

"పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో నా మెడ ఎంతో నువ్వు చెప్పలేదు" అన్నాడు పెదనాన్న.

"మీరు నోరు తెరిచి నాలుగు మాటలు చదివితే కదా!"

జేబు పెట్టలేదు, పెన్ను పెట్టుకుంటే గీసుకుంటుందని. బుధవారం చొక్కా ఆ అమ్మాయి చేతికి చేరింది. శుక్రవారం ఉదయం మిషన్ ఆపి ముగ్గురం ఫోను చుట్టూ కూర్చున్నాం.

సర్రు లేదు. పెదనాన్న చప్పట్లు కొట్టబోయాడు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. వాక్యం మధ్యలో గొంతాయన ఆగాడు. మళ్ళీ ఆగాడు. పొడుగు వాక్యాలన్నీ రెండుగా విరిగిపోతున్నాయి. కింద అప్పుడే ఎవరో "పాపం పెద్దాయనకి ఒంట్లో బాగోలేనట్టుంది, మార్చేయండి" అని రాసేశారు.

"మెడ బిగిసిందే! అర అంగుళం తక్కువ పెట్టాను" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "గొంతాయన పీక పిసికింది నేనే!"

ఆ అమ్మాయికి ఫోను చేస్తే ఎత్తదు. మిగతా సగం రెండింటికి చదువుతాడనీ, దానికి ముందు శ్రోతలు రాసినవన్నీ చూసుకుంటాడనీ మొన్నే చెప్పింది.

"రాయి. ఈసారి ఒక్క అక్షరం మార్చావంటే చూడు" అంది. చెప్పింది చెప్పినట్టు రాశాను: "అయ్యా, పై గుండీ విప్పండి. మిమ్మల్ని వదలకుండా వినే ఒక ఆడమనిషి."

పది నిమిషాల్లో కింద నలభై మంది చేరారు. "హవ్వ!" అన్నారు. "ఈ వయసులో ఇదేం కోరిక" అన్నారు. ఒకాయన పోలీసులకి చెప్పాలన్నాడు. పెదనాన్న అవన్నీ గట్టిగా చదివి వినిపించాడు, అదీ కీచుగొంతుతో. పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చుంది.

సాయంత్రం మిగతా సగం వచ్చింది. మొదట రెండు క్షణాలు ఏమీ లేదు. నాకేం వినపడలేదు, పెదనాన్నకీ వినపడలేదు.

"విప్పాడు" అంది పెద్దమ్మ.

గొంతాయన మొదలుపెట్టాడు. ఓడరేవు మీద పొద్దు వాలే వాక్యం, నాలుగు లైన్లుంటుంది. ఒక్క గుక్కలో చదివేశాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకోకుండానే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆయన్ని ఉంచేశామని ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు కూడా తొక్కుతూనే ఉంది.

పెదనాన్న కొలతల పుస్తకం తెరిచి 'గొంతాయన' అని రాసి, మెడ దగ్గర పదహారు వేశాడు.