బుగ్గల నిండ గాలి

బోధన్‌ల పెండ్లి బరాత్‌లకు సాక్సఫోన్ ఊదే ఆయనను మా గల్లీల అందరం బాజా తాత అనెటోళ్లం. ఫొటో తీస్తమంటే సాలు, సాక్సఫోన్ నోట్ల వెట్టుకొని బుగ్గలు పొంగిచ్చెటోడు.

"ఒక్కపారన్న ఉత్త మొఖంతోని దిగు తాతా" అంటే, "ఉత్త మొఖం ఎవడు సూస్తడు బిడ్డా?" అనెటోడు. ఊపిరితిత్తులు కరాబై ఊదుడు బందైనంక గూడ గదే తీరు.

మొన్న సచ్చిపోయిండు. దండేసేటందుకు ఉత్త మొఖం ఫొటో ఇంట్ల ఒక్కటి లేదు. సావు ఫొటోల బాజా బాగుండదని కొడుకు స్టూడియోల సాక్సఫోన్‌ను తీసేపిచ్చిండు. బుగ్గలు మాత్రం గట్లనే ఉన్నయి.

దినాలనాడు తాత పెండ్లాం, అవ్వ, ఆ ఫొటోను శానసేపు సూసింది. దగ్గరికి పోయి, పొంగిన బుగ్గ మీద చెయ్యి వెట్టింది.

"ఇగనన్న ఇడువయ్యా గా గాలి" అన్నది.