అడవిదున్నలను పిలిచిన ఈల

ఫిబ్రవరి, రెండో ఆదివారం. వెళ్లినవాళ్లం నలుగురం: నేను, మా అన్న, వదిన, కారు నడపడానికి అన్న కొడుకు శేఖర్.

నలభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. దెయ్యం, గాలి అన్న మాటలకు అందులో ఎప్పుడూ చోటివ్వలేదు. ఇదీ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అన్న ఎమ్మిగనూరులో ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. పక్షవాతంతో మాట పోయింది, మూతి వంకర పోయింది. మూడు రోజులుగా నీళ్లకు నోరు తెరవడం లేదు; వదిన బలవంతంగా చెంచాతో పోసేదే. మింగగలడు గాని మింగడం లేదన్నారు డాక్టరు. సోమవారానికి తాగకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. పశువులను చూస్తే మనసు మారుతుందేమోనని జూకు తీసుకుపోయాం.

ఆ జూ కట్టినవాళ్లకు దండం పెట్టాలి. ఎక్కడా కటకటాలు కనబడవు. మన గుండ్రాళ్ల గుట్టలే, మన తుమ్మచెట్లే. మనకూ జంతువుకూ మధ్య లోతైన కందకం ఉంది గాని, గడ్డి పెంచి దాన్ని కంటికి ఆనకుండా చేశారు. రాతి సందులోంచి ఎలుగుబంటి తలెత్తితే, మనమే దాని ఇంటికి వచ్చామనిపించింది.

పదకొండూ ఇరవైకి అడవిదున్నల కుంట దగ్గర ఆగాం. దున్నలు దూరంగా చెట్ల కింద పడుకుని ఉన్నాయి. శేఖర్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

అప్పుడు ఈల వినబడింది. ఎడ్లు నీళ్లు తాగేటప్పుడు రైతు వేసే ఈల. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అది మా అన్నదే, ఎమ్మిగనూరులో ఇంకెవరూ అలా వేయరు. ఐదు దున్నలూ లేచి వచ్చి కుంటలో మూతులు పెట్టాయి.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వేసినావేంది, రామప్పా?"

"నోట్లో పండ్లుంటే గదా వదినా, ఈలేసేది!"

శేఖర్ నవ్వలేదు. "చిన్నాయనా, ఈల వినబడంగానే నాయన మూతి చూసినా. కదల్లేదు."

కందకం వెంట ఆ చివరిదాకా నడిచి చూశాను. మనిషి లేడు.

మరునాడు పొద్దున ఏడింటికి, సత్యనారాయణపేట ఇంట్లో అన్న మంచం పక్కన ఆ వీడియో పెట్టాం. దున్నలు తాగే చప్పుడుంది. మా మాటలున్నాయి. ఈల లేదు. మళ్లీ పెట్టాం. లేదు.

ముగ్గురం ఫోన్ మీదికి వంగి ఉన్నాం. తలెత్తేసరికి అన్న నోరు తెరిచి ఉన్నాడు. వదిన లోటా అందించింది. అన్న చివరి చుక్కదాకా తాగాడు.

ఆ ఈల ఎవరిదో, ఫోన్‌లో ఎందుకు పడలేదో నేను ఇప్పటికీ చెప్పలేను. అన్న మాత్రం ఖాళీ లోటాను వదిన వైపు తోసి, ఇంకా పోయమన్నట్టు చూశాడు.