మంచు మీద ట్వెయిట్ గారి పాఠాలు

ప్రొఫెసర్ ట్వెయిట్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఇంకొకరు పాఠం చెబుతుంటే చూస్తూ ఊరుకోలేరు. "నీకు చెప్పడం రాదు, ఇటివ్వు" అంటారు. అని, లాగేసుకుంటారు. అమెరికాలో, డులూత్‌లో మా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగంలో ఆ మాట పడనివాళ్లు లేరు. డీన్ గారు స్వాగతోపన్యాసం ఇస్తుంటే మైకు లాక్కున్నారు. చర్చిలో పాస్టర్ గారు జలప్రళయం గురించి చెబుతుంటే, వరద తీశాక ఒండ్రు అలా పేరుకోదని లేచి నిలబడ్డారు.

నేను అక్కడే చదువు మధ్యలో వదిలేసి, అక్కడే కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరినవాణ్ణి. ప్రొఫెసర్లంటే నాకు పెద్ద భక్తేమీ లేదు. కోవిడ్ వచ్చి క్లాసులన్నీ కంప్యూటర్ తెరకెక్కాక వాళ్లను చూస్తే జాలి మాత్రం వేసింది. ఉన్న పాఠాలన్నీ మళ్లీ మొదట్నుంచి తయారుచేయాలి, రికార్డు చేయాలి, విద్యార్థుల గోడు వినాలి. పరిశోధన అటకెక్కింది. అందరూ పని తగ్గించండి మొర్రో అంటుంటే, ఈయనొక్కరే ఇంకెవరి క్లాసు దొరుకుతుందా అని తిరిగేవారు.

వాళ్లావిడ డాక్టరు. ఇంట్లోంచి ఫోన్లోనే వైద్యం. ఈయన గొంతుకు రోగులు జడుసుకుంటున్నారని బయటికి తోలేసింది. దాంతో గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టుకునే చెక్కగదిలోకి మకాం మార్చారు. అక్కడ ఇంటర్నెట్ కుదిర్చి పెట్టింది నేనే. హిమానీనదాల గురించి గంభీరంగా చెబుతూనే, గాలం కదలగానే "ఉండండర్రా" అని తెరమీంచి మాయమయ్యేవారు. తిరిగొచ్చేసరికి చేతిలో మూరెడు చేప. ఆ క్లాసు ఒక్కటీ ఎవరూ ఎగ్గొట్టేవారు కాదు.

కైసా లుకానెన్ అని కొత్త ప్రొఫెసరమ్మ ఉండేది. వసంతంలోగా ఆమె పరిశోధన వ్యాసం పత్రికకు వెళ్లకపోతే ఉద్యోగం శాశ్వతం కాదు, ఊడుతుంది. భర్త ఆసుపత్రిలో నర్సు. బడులు మూసేశారు. ఇంట్లో కవలలు.

"క్లాసులు తగ్గించమని అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే చేతకానిదని ముద్ర వేస్తారు."

జనవరిలో, నేను తెర మీద నడిపించే విభాగం మీటింగులో ట్వెయిట్ గారు అందరూ వింటుండగా అన్నారు: "కైసా, నీకు చెప్పడం రాదు. నీ రెండు క్లాసులూ ఇటివ్వు."

ఈయనతో ఎవడు పడతాడని విభాగాధిపతి సరేననేశారు. కైసా మొహం చూడలేక నేను తెర మీంచి కళ్లు తిప్పేసుకున్నాను.

మర్నాడు ఆమె బండి నేరుగా మంచు మీదికే వచ్చింది. వెనక సీట్లో కవలలు. నేను అప్పుడు చెక్కగది బయట వైరు సరిచేస్తున్నాను.

"నా క్లాసులు నాకిచ్చేయండి."

"ఇవ్వను."

"నేను పీహెచ్‌డీ చేసిందే హిమానీనదాల మీద."

"చేసుంటావు. అయితే?"

"నలుగురిలో నా పరువు తీశారు."

"నా నోట పడనిదెవరమ్మాయ్? డీన్‌నే వదల్లేదు. నేనన్న మాట ఎవడూ పట్టించుకోడు. నువ్వు నోరు తెరిచి అడిగుంటే మాత్రం నీ ఉద్యోగం తేల్చే కమిటీవాళ్లు జన్మలో మరిచిపోరు."

ట్వెయిట్ గారు గాలం దారం చిక్కు తీసుకుంటూ అడిగారు.

"వ్యాసం ఎంతవరకొచ్చింది?"

"చివరి భాగం. ప్రశాంతంగా కూర్చునే చోటుంటేగా."

"బండిలో హీటరు పనిచేస్తోందా?"

"ఆఁ."

"అయితే వాళ్లని దింపి నువ్వెక్కు. ఒరేయ్, మాస్కులు సరిగ్గా పెట్టుకోండి. మీ అమ్మకు గాలం వేయడం నేర్పడం కూడా రాదు, ఇటు రండి."

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు ఆమె బండిలో రాసుకునేది. ఆయన ఓ చేత్తో ఆమె విద్యార్థులకు పాఠం, ఓ చేత్తో ఆమె పిల్లలకు గాలం. ఆ వ్యాసమే ఆమె ఉద్యోగాన్ని నిలబెట్టింది.

వ్యాసం వెళ్లిన రోజు నేనక్కడే ఉన్నాను. కైసా బండి తలుపు తీసుకుని, మంచు మీద జారుతూ పరుగెత్తుకొచ్చింది.

"పంపేశాను, ట్వెయిట్ గారూ, పంపేశాను."

ఆయన తలెత్తలేదు. మంచులో తవ్విన రంధ్రం చుట్టూ బోర్లా పడుకున్న కవలలిద్దరూ మాత్రం వెనక్కి తిరిగి, మాస్కుల మీద వేలు పెట్టి, "ష్, అమ్మా, చేపలు" అన్నారు.