చెరుకు తోట చొక్కాతో సముద్రంలోకి

అండమాన్ వెళ్దామని మా అమ్మాయి అన్నప్పుడు మా ఆయన వెంటనే సరే అన్నారు గానీ, ఒక్క మాట మీద పట్టుబట్టారు. అప్ప వస్తేనే తనూ వస్తానన్నారు. అప్ప అంటే ఆయన అక్కగారు, నాకు వదిన. ఆవిడది రోలుగుంట దగ్గర పల్లెటూరు. భర్త పోయిన తర్వాత చెరుకు, వరి రెండూ తనే చూసుకుంటోంది. వైజాగ్ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. మేము చోడవరంలో ఉంటాం. నేను బడిలో సైన్సు టీచర్ని.

అడగడానికి వాళ్ళ ఊరు వెళ్ళాం. వదిన రానంటుందని నేననుకున్నాను. అనలేదు. అక్కడికెళ్ళి ఏం చేస్తారని మాత్రం అడిగింది. మా అమ్మాయి ఫోన్లో వీడియో చూపించి స్నార్కెలింగ్ అంటే ఏమిటో చెప్పింది. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గాలి పీల్చుకునే గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ, కిందనున్న పగడాలను, చేపలను చూడటం. వదిన వీడియో అంతా చూసి, "అయితే ఈపంతా ఎండకే అన్నమాట," అంది.

మర్నాడే చోడవరం వచ్చి, బజారులో నాలుగు ఫుల్‌చేతుల చొక్కాలు కొని తెచ్చింది. నాలుగూ మగవాళ్ళవే. మా వైపు పొలం పని చేసే ఆడవాళ్ళు చీర మీద అలాంటి చొక్కా వేసుకుంటారు. చెరుకు ఆకు చేతులు కోయకుండా, ఎండ ఒంటికి తగలకుండా. సముద్రంలో అవి వేసుకుని దిగాలని వదిన ఉద్దేశం. మా ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు గానీ, వాటిని సంచి అడుగున పెట్టాను. సిగ్గేసిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

మేము దిగింది ఒక చిన్న దీవిలో, ఒడ్డున గుడారాలు వేసిన చోట. బోటు నడిపేదీ, గుడారాలు చూసుకునేదీ ఒకాయనే. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న మన వైపు నుంచే వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడట. ఆయన తెలుగు వినగానే వదిన ముఖం విచ్చుకుంది.

మా రెండు గుడారాలు నీళ్ళకు దగ్గరగా, కొబ్బరిచెట్ల కింద చక్కగా వేసి ఉన్నాయి. మా అమ్మాయి అప్పుడే ఫొటోలు మొదలుపెట్టింది. వదిన మాత్రం సామాను దించకుండా ముందు తలెత్తి చెట్ల వంక చూసింది. తర్వాత ఇసుక మీద వంగి నడిచింది. ఎండిన నాచు, చిన్న గవ్వలు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉన్నాయి. ఆ గీత మా గుడారాలకు వెనక ఉంది.

"నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేయి కదా బాబూ," అంది బోటాయనతో. "ఎల్లుండి పున్నం. ఇంకా పైకొస్తాయి. పైన సూస్తే కాయలున్నాయి."

ఆయన చెట్లకేసి చూశాడు, నాచు గీతకేసి చూశాడు. వచ్చినవాళ్ళు నీళ్ళ పక్కనే కావాలంటారని, అందుకే అక్కడ వేశానని చెప్పాడు. వాదించలేదు. అందరం కలిసి గుడారాలు పీకి, గట్టు మీద కొబ్బరిచెట్లు లేని చోట, అడ్డంగా పెరిగిన పొదల నీడన వేసుకున్నాం. ఫొటోకి అది బాగుండలేదని మా అమ్మాయి కాసేపు మూతి ముడుచుకుంది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే, మేము ముందు ఉండాల్సిన చోట ఇసుక తడిగా, నున్నగా ఉంది. వదిన అసలు అటు చూడలేదు, టీ కాస్తోంది.

ఆ పూట నీళ్ళలో దిగాం. వదిన చీర బదులు మా అమ్మాయి పాత ట్రాక్ ప్యాంటు వేసుకుని, పైన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. సన్‌స్క్రీన్ మాత్రం వద్దంది, వాసన పడలేదు. మా అమ్మాయి ఊరుకోలేదు. చొక్కా కప్పని చోట్లుంటాయి కదా అత్తా, చెవులు, మెడ వెనక, పాదాలు అంటూ, పగడాలకు హాని చెయ్యనిదే కొన్నానని చెప్పి, దగ్గర కూర్చుని రాసింది. వదిన చంటిపిల్లలా పాదాలు చాపింది. తనకు తెలియనిది ఎవరు చెప్పినా, అది సబబని తోస్తే ఆవిడ వెంటనే వింటుంది. నాకు ఆ గుణం లేదు.

ఈత రాదు కాబట్టి లైఫ్ జాకెట్ వేసి, బోటాయన ఒక తాడు పట్టుకున్నాడు. వదిన ముఖం నీళ్ళలో పెట్టి చాలాసేపు ఎత్తలేదు. నాకు భయం వేసింది. చివరికి తలెత్తి, గొట్టం తీసి, "కిందంతా ఎవరో నాట్లేసినట్టుందే," అంది. పగడాలకు ప్రాణం ఉంటుంది, వాటి మీద కాలు పెట్టకూడదని బోటాయన చెప్పాక, మాలో ఎవరి కాలు కిందికి వాలినా కేకేసింది ఆవిడే.

నేనూ, అమ్మాయీ చొక్కాలు వేసుకున్నాం. మా ఆయన వేసుకోలేదు. పొద్దున్న ఒకసారి సన్‌స్క్రీన్ రాసుకుని, నీళ్ళు చల్లగానే ఉన్నాయి, ఎండెక్కడుందని మధ్యాహ్నం దాకా వీపు పైకి పెట్టి తేలుతూనే ఉన్నారు. మళ్ళీ రాసుకోమని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఒడ్డుకొచ్చేసరికి మెడ నుంచి పిక్కల దాకా ఎర్రగా కమిలిపోయింది. తల తిరుగుతోందన్నారు. నాలుగడుగులు వేసి వాంతి చేసుకున్నారు.

సైన్సు చెప్పే మనిషినే, సంచిలోంచి కొబ్బరినూనె తీశాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. "నూనె వద్దమ్మా. ముందు కాక సల్లారనీ," అంది. గొంతు పెంచలేదు. తమ్ముణ్ణి నీడలో పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాళ్ళ కింద సంచి పెట్టించింది. మంచినీళ్ళలో తడిపిన తువ్వాళ్ళు మెడ మీద, వీపు మీద పరిచింది. అమ్మాయి చేత గాలి విసిరించింది. నీళ్ళలో కొంచెం ఉప్పు, పంచదార కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగించింది, గడగడా తాగనివ్వలేదు. మధ్యమధ్య ఆయన్ని పలకరిస్తూ, ఏ వారమో, ఏ ఊళ్ళో ఉన్నామో అడిగేది. మాట తడబడుతుందేమోనని చూడటానికట. బోటాయనతో మాత్రం, "బోటు సిద్ధంగా ఉంచు బాబూ. మళ్ళీ వాంతయినా, మాట తేడాగా వచ్చినా పెద్ద దీవిలో ఆస్పత్రికి ఎల్లిపోదాం," అంది.

ఎండాకాలంలో చెరుకు కలుపు తీస్తూ పడిపోయినవాళ్ళను ఆవిడ ఎంతమందిని అలా చూసిందో. ఒకసారి ఒకామెను ఆస్పత్రికి తీసుకెళ్ళడంలో ఆలస్యమైందని, ఆమె దక్కలేదని, ఆ సాయంత్రం తువ్వాలు పిండుతూ చెప్పింది.

పొద్దు వాలేసరికి మా ఆయన తెరిపిన పడ్డారు. వాంతి మళ్ళీ కాలేదు. ఆకలేస్తోందన్నారు.

"నవ్వేను కదా అప్పా నిన్ను," అన్నారు.

"నవ్వితే ఏటైంది. నీళ్ళు తాగు," అంది వదిన.

వీపు మీద బొబ్బలు లేచాయి. వాటిని చిదమనివ్వలేదు. మిగతా రెండు రోజులూ ఆయన నీడలోనే ఉండి, మేము బయటికొచ్చినప్పుడల్లా నీళ్ళు తాగారా లేదా అని అడగడం తన పనిగా పెట్టుకున్నారు. మేము పొద్దున్నే దిగి, ఎండ ముదిరేలోపు వచ్చేసేవాళ్ళం. ఆ ఏర్పాటు కూడా వదినదే. పొలంలోనూ ఆవిడది అదే వేళ.

చివరి రోజు పొద్దున్న వదిన ఇంకొకసారి దిగుతానంది. మేము సామాను సర్దుతున్నాం. బోటాయన తాడు పట్టుకుని తీసుకెళ్ళాడు. బాగా ఆలస్యంగా వచ్చారు. ఆయనే చెప్పాడు. పెద్ద తాబేలు ఒకటి వచ్చి సరిగ్గా ఆవిడ కిందనే నీటిగడ్డి మేసిందట. వచ్చినవాళ్ళంతా తాబేలు కనబడగానే కాళ్ళు కొట్టి దాన్ని బెదరగొట్టేస్తారట. ఈ అమ్మ వేలు కూడా కదపలేదన్నాడు. తాబేళ్ళను రోజూ చూసే మనిషి, తాడు పట్టుకుని తనూ అలాగే ఉండిపోయాడట.

మా అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది, తను చూడలేకపోయిందని. ఎంతసేపు చూశావత్తా అని అడిగింది.

"అది ఎల్లిపోయేదాకా," అంది వదిన, జుట్టు విప్పి నీళ్ళు పిండుకుంటూ.