పిట్టకు పెట్టిన చోటు

హైదరాబాదు కాలేజీలో నా అసలు చదువు అర్థశాస్త్రం. దానికి తోడుగా పురావస్తు శాస్త్రం తీసుకున్నాను. తరగతిలో ఆ పాఠానికి నేనొక్కణ్ణే. ఖాళీ బెంచీల మధ్య కూర్చుని ఉర్దూలో వినేవాణ్ణి. హాస్టల్లో "బొక్కలేరుకునే చదువేందిరా?" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ, సాయంత్రం షికారుకైనా పిలిచేవాళ్ళు కాదు. ఒళ్ళు మండేది.

సాయుధ పోరాటం రోజులవి. దళంలోకి పోయిన మా అన్నను సైన్యం కాల్చేసింది. భూపాలపల్లి అడవిలో, రాకాసి గుళ్ళ వెనక పూడ్చారని మాట మాత్రం వచ్చింది. రాకాసి గుళ్ళంటే ఎప్పటి మనుషులవో, బండలు పేర్చిన సమాధులు. దింపుడుకళ్ళం ఆశకైనా శవం ఉండాలి కదా, మాకు అదీ లేదు. పోయినవాడికి ఇష్టమైనవి వండి గోరీ దగ్గర పెట్టి, కాకి ముట్టేదాకా కూర్చోవాలి. దాన్నే పిట్టకు పెట్టడం అంటాం. పెట్టకపోతే వాడు ఆకలితో తిరుగుతాడని మా అమ్మ బెంగ. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం.

సెలవులకు జనగామలో రైలు దిగి, జఫర్‌గఢ్ దగ్గరి మా ఊరు చేరాను. కాళ్ళు కడుక్కోకముందే అవ్వ అడిగింది.

"పాత గోరీలు గుర్తుపడతవంట గద. మీ అన్నది గుర్తుపట్టు."

"గది గట్ల కాదవ్వా."

"మరెందుకు నీ చదువు?"

బండి కట్టించాను. మూడో రోజుకు రాకాసి గుళ్ళు చేరాం.

ఒకసారి తవ్విన నేల, ఎంత పూడ్చినా మునుపటిలా కలవదని మా సారు చెప్పేవారు. గుళ్ళ వెనక ఒకచోట గడ్డి ఏపుగా ఉంది, కింద ఎర్రమట్టీ నల్లమట్టీ కలగలిసి ఉంది. చుట్టూ తిరిగి చూస్తే ఒక మనిషికి అది మరీ పెద్దది.

"అవ్వా, ఇది ఒక్కరిది కాదు."

"ఎందరిది?"

"తవ్వితే గాని తెల్వది."

"వద్దు బిడ్డా. పండుకోనియ్యి."

అన్నకని అక్కడే వండిన బువ్వనూ ఎండుచేపల కూరనూ ముద్దలు చేసి, మోదుగాకుల్లో ఆ గుంట పొడవునా పెట్టింది. "వీళ్ళ అవ్వలకు తొవ్వ తెల్వకపాయె" అంది.

చాలాసేపటికి కాకి దిగింది. అటూ ఇటూ గెంతి, కొసన ఉన్న ఆకు ముట్టింది.

"గదేనా మీ అన్నది?"

నేను చదివిన ఏ పాఠంలోనూ దానికి జవాబు లేదు.

"గదే అవ్వా" అన్నాను.

పొద్దు వాలేదాకా ఆ మట్టి నిమురుతూ కూర్చుంది. తిరుగుదారిలో చాన్నాళ్ళకు కడుపునిండా తిని, బండిలోనే నిద్రపోయింది. నేను కాలేజీకి పోయి మళ్ళీ ఆ ఖాళీ బెంచీల మధ్యే కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అన్న ఎక్కడున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.