నల్ల అంచు పిట్టలు

హర్షితకు మనుషులంటే ఇష్టమే, ఎదురుపడనంత వరకు. తెలుగు ఎమ్మే చదివి, ఇద్దరి మధ్య మాట ఎలా పుడుతుందో ఎనభై పేజీల వ్యాసం రాసిన పిల్ల, మెట్రోలో పక్కావిడ టైమెంతని అడిగితే గడియారమున్న చెయ్యి చాపి ఊరుకునేది.

అందుకే బొమ్మల దారి పట్టింది. చిక్కపేటలో వాళ్ళ నాన్న సుబ్బరాయుడిది చీరల కొట్టు. చీర మడతల్లో పెట్టే అట్టలు బస్తాలకొద్దీ మిగిలేవి. వాటిని కార్డుల్లా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో పిట్టను వేసేది. ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఉచితంగా పంపితే నోరు విప్పకుండానే పలకరించినట్టవుతుందని ఆమె ఆశ. ఇంట్లో మాత్రం ఎవరికీ చూపించేది కాదు. సిగ్గు.

చిరునామాలు తూకానికి కొన్న పాత వారపత్రికల్లో దొరికాయి. 'కలం స్నేహం' పేజీలో పేరు, వయసు, అభిరుచులు, ఇంటి నంబరుతో సహా అచ్చేసి ఉన్నాయి. ఆ ఇరవయ్యేళ్ళవాళ్ళకు ఇప్పుడు తన తల్లి వయసుంటుందన్న సంగతి నలభయ్యో కార్డు డబ్బాలో పడ్డాక తట్టింది.

పిట్ట అట్టలో కలిసిపోకుండా ప్రతి కార్డుకూ చుట్టూ దళసరిగా నల్ల ఇంకు అంచు కట్టింది. అది తన ముద్ర అని మురిసిపోయింది కూడా. ఏం రాయాలో తేలక పదకొండు చిత్తులు చించి, చివరికి 'మీ కోసం' అని మాత్రం రాసి, కింద తన పేరూ చిరునామా పెట్టింది.

ఒక్క జవాబు చాలనుకుంది. ఒక్కటి వస్తే తనూ మనుషుల్లో కలిసినట్టే. రాకపోతే కుంచెలు కొట్లో ధరచీటీలు రాయడానికి ఇచ్చేసేటట్టు తనకు తానే గడువు పెట్టుకుంది. నాలుగు నెలలు గడిచాయి. గడువు రేపనగా హిందూపురం నుంచి ఉత్తరం వచ్చింది.

"అమ్మా హర్షితా, ఆ పేరుతో నాకు చుట్టాలు లేరు. అయినా పలకరించకపోతే బాగుండదని రాస్తున్నాను. పోయినవారు ఎవరమ్మా? పోస్టుమాన్ గేటు బయటే నిలబడి 'సావు కార్డు మా' అని ఇచ్చి వెళ్ళిపోయినాడు. 'మీ కోసం' అని చూసి, నా కోసమే వచ్చిందేమోనని ఆ పూట అన్నం దిగలేదు. ఆనవాయితీ ప్రకారం వాకిట్లోనే చించేసి తలకు పోసుకున్నాను. స్టాంపు మాత్రం నానబెట్టి తీసుకున్నాను, పాత అలవాటు. తిరిగొచ్చి చూస్తే ముక్కల్లోంచి పిట్ట కన్ను నన్నే చూస్తా ఉండాది. మనసొప్పక అన్నీ ఏరి అంటించినాను. తోక దొరకలేదు. ధైర్యంగా ఉండు. భాగీరథి."

హర్షిత పత్రిక తీసి చూసింది. భాగీరథి, ఇరవై రెండు, తపాలా బిళ్ళల సేకరణ.

ఉత్తరం పట్టుకుని కొయ్యలా నిలబడ్డ మనవరాలిని చూసి నంజమ్మ అవ్వ అడిగింది. "ఏందే, ఏమైంది?" హర్షిత ఉత్తరం చదివి వినిపించింది. "ఆ కార్డేదో నాకూ చూపీ."

హర్షిత పరుపు కింద నుంచి ఒకటి తీసిచ్చింది. అవ్వ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, గబుక్కున దూరంగా పట్టుకుంది.

"ఇంత చదివితివి, సావు కార్డుకు నల్ల అంచు ఉంటాదని ఎవురూ చెప్పలేదా నీకు? ఎన్ని పంపినావు?"

"నలభై."

"నలభై ఇండ్లవాళ్ళకు తలస్నానం చేయించినావు కదే తల్లీ."

భోజనానికొచ్చిన సుబ్బరాయుడు చెయ్యి కడుక్కుంటూ, "నయం అప్పా, దాని మీద మన కొట్టు పేరు వేయలేదు" అన్నాడు.

లేఖాసాహిత్యం పేపర్లో హర్షితకే మొదటి మార్కు. 'ఇక్కడ మేమంతా క్షేమం' అన్నది ప్రాణం లేని వాక్యమని అందులో నాలుగు పేజీలు ఏకిపారేసింది. ఇప్పుడు భాగీరథికి ఏం రాయాలా అని కూర్చుంటే, పనికొచ్చే వాక్యం అదొక్కటే కనిపించింది.

ముందు తోక గీసింది. అంటించుకోవడానికి వీలుగా దాన్ని జాగ్రత్తగా కత్తిరించింది. కొత్త కార్డుకు అంచు కట్టలేదు. అవ్వే పసుపు తడిపి నాలుగు మూలలా అద్దింది. ఒక్క చిత్తూ చించకుండా హర్షిత రాసింది: "ఇక్కడ మేమంతా క్షేమం. ఎవరూ పోలేదు. తోక పంపుతున్నాను."

ఇంకా ముప్ఫై తొమ్మిది ఇళ్ళున్నాయి. గిన్నెలో పసుపు చాలదని అవ్వ అప్పటికే గొణుగుతూ ఉంది.