‘బోర్డు’ అంటే ఏమిటని పాపమ్మ అడిగింది

మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో పాపమ్మ అనుమానించని వస్తువు లేదు. ఆకాశం మబ్బు పడితే వాన వస్తుందని అందరూ బట్టలు తీసేవాళ్ళు, ఆమె మాత్రం మబ్బుకేసి చూసి పెదవి విరిచేది. కొత్తగా వచ్చిన పూజారి మంత్రం చదువుతుంటే మధ్యలో ఏదైనా మింగేస్తున్నాడేమోనని చెవి ఒగ్గి వినేది. 1968లో మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఊరు ఊరంతా కొత్త జెండా చూడాలని రాజధాని పోర్ట్ లూయిస్ బస్సుల్లో వేలాడుతూ వెళ్తుంటే, ఆమె ఆవుకి గడ్డి వేస్తూ, జెండా మారింది సరే, రేపు చెరుకు నరికేది ఎవరని నన్నడిగింది. అంత మంచిరోజున ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మంచిరోజు కాకపోయినా మండేదే.

నేను ఆ ఊరి మందిరంలో సాయంత్రాలు తెలుగు బడి నడిపేవాణ్ణి. మా రెండిళ్ళకీ మధ్య వెదురు కంచె ఒక్కటే అడ్డం. ఆమె నాకంటే బాగా పెద్దది, అందుకని అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను గోపాలూ అనేది, పదిమంది పిల్లల ముందయినా సరే, మేష్టరనే మాట ఆమె నోట ఒక్కనాడూ రాలేదు.

యుద్ధం అయిపోయాక మలేరియా మందు కొట్టడానికి మనుషులు ఇంటింటికీ తిరిగినప్పుడు, ఆమె వాళ్ళని గుమ్మంలోనే ఆపేసింది. మందు కొట్టాక కొట్టినవాడు లోపల కూర్చుని తన ఇంట్లో ఒక పూట భోంచెయ్యాలని షరతు పెట్టింది. పాపం, ఆ కుర్రాడు కూర్చుని తిన్నాడు. తిన్నవాడు బతికే ఉన్నాడా అని తెలుసుకోవడానికి వారం తర్వాత వాళ్ళ ఊరికి మనిషిని పంపింది.

ఆ రోజుల్లోనే, ఏదో ఒక భాషలో రాయడం చదవడం వస్తే చాలు, ఓటు హక్కు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. మా బడికి ముసలీ ముతకా అందరూ పలకలు పట్టుకుని వచ్చారు. పాపమ్మ రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళి బతిమాలాను, కనీసం పేరు రాయడమైనా నేర్చుకోమన్నాను.

"సంతకం వస్తే పెట్టమంటారు గోపాలూ," అంది. "రాకపోతే ఎవడూ అడగడు."

దీనికి కారణం లేకపోలేదు. వాళ్ళ తాత కోరంగి వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. చెరుకు ఎస్టేటువాళ్ళు గది ఇస్తారు, బత్తెం ఇస్తారు, పని ఇస్తారు, ఓడ ఖర్చు కూడా వాళ్ళదే అని అక్కడ కూలీలని కుదిర్చే మేస్త్రీ చెప్పాడట. అయిదేళ్ళయ్యాక తిరుగు ఓడ కూడా ఎక్కిస్తారన్నాడట. ముసలాయన కాగితం మీద వేలు వేశాడు. అయిదేళ్ళయ్యాక ఎస్టేటు గుమాస్తా దగ్గరికి వెళ్ళి నిలబడితే, మొదటివన్నీ కాగితంలో ఉన్నాయి గానీ తిరుగు ఓడ మాట మాత్రం లేదని తేలింది. అది మేస్త్రీ నోటిమాట. ఆయన మళ్ళీ ఓడెక్కకుండానే ఈ చెరుకుల మధ్య పోయాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఇంటికి ఏ కాగితం వచ్చినా ముగ్గురి చేత, ఒకరికి తెలియకుండా ఒకరి చేత చదివించాలి. ముగ్గురూ ఒకే మాట చెప్తే సరే. ఒక్క ముక్క తేడా వచ్చినా ఆ కాగితం పొయ్యిలోకే. పాపమ్మ హయాంలో ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. రెండోవాడు మొస్యే గాస్తోన్ అనే క్రియోల్ పెద్దమనిషి, ఎస్టేటులో లెక్కలు రాసి రిటైరయ్యాడు. మూడోవాడు రామదాసు, పోర్ట్ లూయిస్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు మోసే బంట్రోతు, ఆదివారాలు ఊరికి వచ్చేవాడు. పొయ్యిలోకి వెళ్ళిన కాగితాలే ఎక్కువ.

1960లో కెరోల్ తుఫానుకి ఇల్లు కూలి పాపమ్మ అన్నా వదినా పోయారు. వాళ్ళ కూతురు తులసి మేనత్త పంచన చేరింది. ఆ పిల్లంటే పాపమ్మకి ప్రాణం. దాన్ని నమ్మేదని మాత్రం నేను చెప్పను. చదువుకుంటున్నానని దీపం దగ్గర కూర్చుంటే, పుస్తకం తిరగేసి పట్టుకుందేమోనని వచ్చి చూసేది. తనకి చదువు రాకపోయినా బొమ్మలు తలకిందులయ్యాయో లేదో తెలుస్తుంది కదా. తులసి నవ్వేది. అది బంగారంలాంటి పిల్ల, పెద్ద పరీక్ష బాగా ప్యాసయింది, కానీ ఇంగ్లండు పంపే స్కాలర్‌షిప్పు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందికే. అది దాని దాకా రాలేదు.

పోర్ట్ లూయిస్ గ్రంథాలయంలో అమెరికా విశ్వవిద్యాలయాల చిరునామాలున్న పుస్తకం ఒకటి తులసి కంటపడింది. విదేశీ విద్యార్థులకి సాయం చేస్తామన్న చోట్లకల్లా రాసింది. అయోవా అనే చోటి నుంచి ఒక విశ్వవిద్యాలయం, రమ్మని జవాబిచ్చింది. 1965 ఏప్రిల్‌లో ఆ ఉత్తరం వచ్చినప్పుడు నేను తులసి కంటే ముందు గంతేశాను. పాపమ్మ ఊరి పేరు మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

"పేరులోనే అయ్యో ఉంది," అంది.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇంతే. చదువుకి ఫీజు అక్కర్లేదు. ‘రూమ్ అండ్ బోర్డ్’ ఉచితం. దానికి బదులుగా వారంలో కొన్ని గంటలు విద్యార్థుల భోజనశాలలో పనిచెయ్యాలి. వెళ్ళేందుకు ప్రయాణ ఖర్చు అక్కడి ఆడవాళ్ళ సంఘం ఒకటి పెట్టుకుంటుంది. పిల్లకి ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి పెంచినవాళ్ళు తమ ఒప్పుదల కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి జూన్ నెలాఖరుకి అందేలా పంపాలి. తులసి చదువు ఆ వేలిముద్ర మీద ఆగింది.

నేను చదివి వినిపిస్తుంటే పాపమ్మ ముఖం మాడిపోయింది.

"గది, బత్తెం, పని, ఓడ," అంది. "మా తాతకి సెప్పినవీ ఇవే."

ఇప్పుడు ఓడ కాదు అక్కా, ప్లేన్ మాన్యెన్ ఊరి దగ్గర విమానం ఎక్కడమే అని చెప్పాను. ఎక్కేది ఏదయితేనేం, ఎక్కించేవాడు ఎక్కించేవాడే కదా అంది. కాగితం తీసుకుని గాస్తోన్ ఇంటికి వెళ్ళింది.

గాస్తోన్‌కి ఫ్రెంచి బాగా వచ్చు. ఇంగ్లిషు కూడా ఫ్రెంచిలాగే చదివేవాడు. ఫ్రెంచిలో ‘అ బోర్’ అంటే ఓడ మీద అని. అందుకని ‘రూమ్ అండ్ బోర్డ్’ అంటే ఓడలో ఒక గది అని తేల్చేశాడు. అంటే ఓడ దిగాక ఏ గదీ లేదన్నమాట. ఆదివారం రామదాసు వచ్చాడు. అతను జన్మంతా ఒక బోర్డు గదిలోంచి ఇంకో బోర్డు గదిలోకి ఫైళ్ళు మోసినవాడు. బోర్డు అంటే బల్ల వెనకాల వరసగా కూర్చునే దొరలని అతనికి బాగా తెలుసు. పిల్లని గదిలో పెట్టి, బోర్డు ముందు నిలబెట్టి విచారిస్తారని చెప్పాడు.

బోర్డంటే భోజనం అని నేను మొదటిరోజే చెప్పాను. నా మాట ఎవరిక్కావాలి? ముగ్గుర్లో ఒకణ్ణి మాత్రమే కదా. కోపం వచ్చి మందిరంలో ఉన్న పెద్ద నిఘంటువు మోసుకొచ్చి ఆమె ముందు పడేశాను. ఆ మాట దగ్గర వేలు పెట్టాను. అన్నిటికంటే ముందు రాసింది ఏటని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. చెక్క అన్నాను. భోజనం అనే అర్థం చాలా కిందికి ఉంది.

"నువ్వేమో కూడు అంటావు. గాస్తోన్ ఓడంటాడు, రామదాసు ఇచారణ అంటాడు. ఇప్పుడు సెక్క కూడా వచ్చింది," అంది పాపమ్మ. "ఒక్క మాటలో ఇన్ని దాచినోళ్ళు ఇంకేటి దాచినారో."

తులసి అంతవరకూ గోడకి ఆనుకుని వింటోంది. ముందుకు వచ్చి మేనత్త ఎదురుగా కూర్చుంది.

"చెక్క మీదే పడుకుంటాను అత్తా. వేలు వెయ్యి."

"నీకేం, పడుకుంటావు. పడుకున్నదాన్ని మళ్ళీ ఎవరు తెస్తారో ఈ పాప్యేలో ఏది, సూపించు."

చూపించడానికి ఆ పాప్యేలో, అంటే కాగితంలో, ఏమీ లేదు. ఉత్తరంలో వెళ్ళే ఖర్చు ఉంది, వచ్చే ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు. తులసి కాగితం మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది, నేనూ చూశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ అనుమానం పుట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఈ చెరుకు తోటల్లోంచి ఒక పిల్లని ఊరికే తీసుకెళ్ళి చదివిస్తామంటున్నారు. ఎందుకు? కానీ ఆ సంగతి పాపమ్మకి చెప్తే ఇంకేమన్నా ఉందా, నోరు మూసుకున్నాను.

అయినా పాపమ్మ ఆ కాగితాన్ని పొయ్యిలో వెయ్యలేదు. రెండు సంగతులు అడిగి ఉత్తరం రాయమంది. బోర్డు అంటే ఏమిటి, పిల్ల తిరిగి రావాలంటే తెచ్చేది ఎవరు. జవాబు కాగితం మీద వచ్చాకే వేలు వేస్తానంది. జవాబు వచ్చేలోగా గడువు దాటిపోతుందని నేను మొత్తుకున్నాను. ముందు వేలు వేసి పంపుదాం, ఆ తర్వాత అడుగుదాం అన్నాను. అరిచాను కూడా.

"నిజంగా ఇచ్చేవోళ్ళయితే ఆగుతారు," అంది.

ఉత్తరం రాసి నేనే టపాలో వేశాను. జూన్ గడిచింది. తులసి రోజూ పోస్టాఫీసుకి వెళ్ళి వచ్చేది. వస్తూ దారిలో కనిపిస్తే నేను ఏదో పని ఉన్నట్టు పక్కకి తిరిగేవాణ్ణి.

జూలైలో జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. బోర్డు అంటే రోజూ మూడు పూటలా భోజనమని రాశారు. తిరుగు ప్రయాణం ఖర్చు కూడా పెట్టుకోవడానికి ఆడవాళ్ళ సంఘం సంతోషంగా ఒప్పుకుందన్నారు. అయితే జూన్ నెలాఖరుకి ఒప్పుదల కాగితం అందలేదు గనక ఆ చోటు ఇంకో విద్యార్థికి ఇచ్చేశారు. వచ్చే ఏడాది మళ్ళీ అడగవచ్చు, ఇస్తామని మాట మాత్రం ఇవ్వలేమన్నారు.

పాపమ్మ ఆ కాగితం గాస్తోన్‌కి చూపించింది. ఆదివారం దాకా ఆగి రామదాసుకి చూపించింది. ఆమె జీవితంలో ముగ్గురూ ఒక్క ముక్క తేడా లేకుండా ఒకటే చెప్పిన కాగితాల్లో అదొకటి.

తులసి ఏడవలేదు. మర్నాడు తల్లి పాత తలగుడ్డ కట్టుకుని, నడుముకి గోనె చుట్టుకుని, కలుపు తీసే ఆడవాళ్ళతో ఎస్టేటు చెరుకులోకి దిగింది. పుస్తకాలు పెట్టెలో సర్ది మూత పెట్టింది. వేళకి అన్నం వండేది, మేనత్త కాళ్ళు నొప్పులంటే నూనె రాసేది. వెళ్ళనివ్వలేదని గానీ, నీ వల్లే ఇలా అయిందని గానీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం చెరుకాకు కోసిన చేతులు బాన దగ్గర కడుక్కుంటూ నిలబడితే నేను కంచె ఇవతల నుంచి లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. పాపమ్మ మీద ఉన్న కోపం నాకు వారాల తరబడి చల్లారలేదు. పలకరిస్తే ఊఁ అనేవాణ్ణి, అంతే.

ఆగస్టులో ఒకనాడు మధ్యాహ్నం మందిరం మెట్ల మీద కూర్చుని పిల్లల పలకలు తుడుస్తున్నాను. పాపమ్మ వచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకి మన్నుంది.

"అది నన్ను తిట్టట్లేదు గోపాలూ," అంది. "తిడతాదని రోజూ సూస్తన్నాను. నిన్న నేనే కయ్యానికి దిగాను. అయినా తిట్టలేదు."

ఆ మనిషి అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు, కెరోల్ తుఫాను తర్వాత శవాలు తీసిన రోజున కూడా. నాలో ఉన్న కోపం ఎక్కడికి పోయిందో పోయింది. కూర్చో అక్కా అన్నాను. కూర్చోలేదు. మంచి తెల్లకాగితం ఒకటి ఇమ్మంది. మందిరం ముద్ర కోసం సిరా అద్దే పెట్టె ఉంటుంది కదా, అదీ తెమ్మంది.

తెచ్చి ముందు పెట్టాను. బొటనవేలు చీరకి గట్టిగా తుడుచుకుంది. సిరాలో అద్ది, ఏమీ రాయని ఆ కాగితం అడుగున నొక్కింది. నొక్కి పట్టుకుంది, అంటుకోదేమోనన్నట్టు.

ఆ కాగితంతోనే మరుసటి ఏడాది తులసి దరఖాస్తు వెళ్ళింది, అయోవా వాళ్ళు రెండోసారి కూడా పిలిచారు, పిల్ల వెళ్ళి చదువుకుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజున మా ఎదుట ఉన్నది ఒక ఖాళీ కాగితం, దాని అడుగున ఒక వేలిముద్ర.

"ఏం రాయమంటావు అక్కా?" అన్నాను.

"అది ఎల్లడానికి ఏటి కావాలో అది రాయి."

రాశాక చదివి వినిపిస్తానన్నాను. గాస్తోన్‌కీ రామదాసుకీ కూడా చూపిస్తానన్నాను.

"వద్దు," అంది.

మెట్లు దిగి కొంత దూరం వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మా తాత సేత వేలు ఏయించినోడిది ఏ ఊరో మాకు ఇప్పటికీ తెలవదు," అంది. "నీ ఇల్లు నాకు తెలుసు."